చూరున వ్రేలిన వరికుచ్చు



మార్గశిరమాసము వచ్చినది. మా సిద్దిపేటలో కోమటిచెరువు మీద తెల్లవారుజామున సన్నని మంచుతెర నిలుచుచున్నది. వానకాలపు పంట యింటికి చేరినది. ఈ దినములు వచ్చినంతనే నాబోటి వృద్ధుల కన్నుల యెదుట ఒక దృశ్యము మెదలును. గూనపెంకుల యింటి ముందటి చూరు, ఆ చూరునుండి వ్రేలాడు బంగారువన్నె వరికుచ్చు, దానిని పట్టుకొని తలక్రిందుగా ఊగుచు గింజ లొలుచుకొని తిను ఊరపిచ్చుకలు. ఈనాటి నా ప్రసంగము ఆ వరికుచ్చును గూర్చినది.

ఇది మిక్కిలి చిన్న విషయమని మీకు తోచవచ్చును. రాజులు, యుద్ధములు, కోటలు మాత్రమే చరిత్ర యని మనము బడిలో చదివితిమి. నేనును ముప్పది యేండ్లు పిల్లలకు అట్లే చెప్పితిని. కాని మనుష్యుడు తనకంటె బలహీనమైన ప్రాణికి పిడికెడు గింజలు ఎప్పుడు పెట్టెను, ఎందుకు పెట్టెను, ఎప్పుడు మానెను అనునది కూడ చరిత్రయే. ఆ చరిత్రలో నేను తీర్చవలసిన ఋణ మొకటి యున్నది. దానిని చివర విన్నవించెదను.

ముందుగా ఈ ప్రసంగమునకు ప్రేరణమైన సంగతి చెప్పెదను. నా కుమారుడు ఉద్యోగరీత్యా అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున కాపురమున్నాడు. అచ్చట పుష్యమాసమున చెరువులు గడ్డకట్టి వాటిమీద బండ్లు నడచును. రాత్రి పదునైదు గంటల పొడవుండును. ఆ దేశపు పెరటి పిట్టలలో కొన్ని తులము బరువైనను తూగవు. అంత చిన్న దేహము అంత దీర్ఘమైన రాత్రి చలిలో వేడి చల్లారక నిలువవలెనన్న, పగటిపూట తిన్నది కొవ్వుగా మారి రాత్రియెల్ల దీపమునకు నూనెవలె మండుచుండవలెను. గింజ యిచ్చు వేడికంటె అదే తూకపు కొవ్వు ఇచ్చు వేడి రెండింతలకు మించి యుండును. అందుచేత ఆ దేశమువారు పిట్టలకు కొవ్వు పెట్టుదురు.

ఆ కొవ్వు ఎట్టిదనగా, పశువుల మూత్రపిండముల చుట్టునుండు తెల్లని గట్టి కొవ్వు. దానిని కసాయి దుకాణమునుండి తెచ్చి, చిన్నముక్కలుగా కోసి, సన్నని సెగమీద కరగించి, గుడ్డతో వడగట్టుదురు. అది చల్లారునంతలో మొక్కజొన్నపిండి, వేరుసెనగ పలుకులు, చిరుధాన్యములు కలిపి మూకుడులో పోయుదురు. గడ్డకట్టిన పిదప బిళ్ళలుగా తీసి తీగెబుట్టలో నుంచి కొమ్మకు వ్రేలగట్టుదురు. వడ్రంగిపిట్టలు మొదలైనవి వచ్చి ఆ బిళ్ళలను పొడుచుకొని తినును. మా యింట మాంసము ముట్టరు గనుక నా కోడలు పశువుల కొవ్వునకు మారుగా వేరుసెనగ ముద్దను, గట్టిపడు చెట్టుకొవ్వును కలిపి బిళ్ళలు చేయుచున్నది. పిట్టలు ఆ మార్పును తప్పుగా ఎంచలేదట.

ఒకనాడు నా మనుమడు ఆ బిళ్ళను దూరవాణి తెరమీద నాకు చూపి, "తాతా, మన ఊళ్ళో చలికాలం పిట్టలకు ఏం పెడతారు?" అని యడిగెను. వాని కెనిమిదేండ్లు. నేను పండితుడను, శ్లోకములు చాల నెఱుగుదును. అయినను ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోతిని. నా యింటికి ఇప్పుడు చూరు లేదు. చూరు లేని యింట కుచ్చు ఎక్కడ కట్టుదురు?

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన పూర్వులు పిట్టలకేమి పెట్టిరో మొదటినుండి తలపోయ మొదలిడితిని.

మన గృహస్థునకు పంచమహాయజ్ఞములు విధింపబడినవని మీ రెఱుగుదురు. తైత్తిరీయారణ్యకమున వాటి పేర్లు చెప్పబడినవి. దేవయజ్ఞము, పితృయజ్ఞము, భూతయజ్ఞము, మనుష్యయజ్ఞము, బ్రహ్మయజ్ఞము. ఇందు భూతయజ్ఞమనగా ప్రాణులకు అన్నము పెట్టుట. మనుస్మృతి మూడవ అధ్యాయమున దీని విధానము వివరింపబడినది. కుక్కలకును, కాకులకును, పురుగులకును పెట్టు అన్నమును మెల్లగా భూమిపై నుంచవలెనని అచ్చట నియమము. విసరివేయరాదు, మెల్లగా నుంచవలెను. ఈ ఒక్క మాటను నేను బడిలో ఎన్నిసార్లు చెప్పితినో లెక్కలేదు. పెట్టుట యొకటి, పెట్టు తీరు మఱియొకటి. విసరిన అన్నము ఎంగిలి. మెల్లగా నుంచిన అన్నము ఆతిథ్యము.

శాస్త్రము చదువని యిండ్లలో కూడ ఈ ధర్మము నడచినది. వాకిట వరిపిండి ముగ్గు చీమలకు విందు. పితృదినములందు కాకికి పెట్టనిదే ఇంటివారు విస్తరి ముందు కూర్చుండరు. అన్నము వండిన చేయి మొదటి ముద్దను ఎవరికో తీసిపెట్టుట మన పల్లెలలో ఆచారముగా నిలిచెను.

రాజులలో ఈ ధర్మమును శాసనముగా చెక్కించినవాడు అశోకుడు. క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దమున ఆయన వేయించిన శిలాశాసనములు మన తెలుగునేలపై కర్నూలు సీమలోని ఎఱ్ఱగుడి వద్ద నేటికిని కలవు. పూర్వము తన వంటశాలలో దినమునకు లక్షలకొలది ప్రాణులు చంపబడుచుండెననియు, ఇప్పుడు రెండు నెమళ్ళు, ఒక లేడి మాత్రమే చంపబడుచున్నవనియు, ఇకమీదట అవియు చంపబడవనియు మొదటి శాసనమున ఆయన చెప్పుకొనెను. తన తప్పును తానే లెక్కవేసి బండమీద వ్రాయించిన రాజు మఱియొకడు అరుదు. పట్టాభిషేకమైన యిరువదియాఱవ యేట ఉత్తరదేశమున వేయించిన స్తంభశాసనమున చిలుకను, గోరువంకను, చక్రవాకమును, హంసను పేర్కొని వాటిని చంపరాదని యాజ్ఞాపించెను.

శాతవాహనుల కాలపు పేరుతో మనకు దక్కిన హాలుని గాథాసప్తశతిలో పైరులు, చిలుకలు, పల్లెబ్రదుకు కలిసియే కనబడును. పంటచేను పిట్టను పిలుచును. రైతు పిట్టను తోలును. ఇది రెండువేల యేండ్ల జగడము. మన చేలలో మంచె వేసి, ఒడిసెలలో ఱాయి పెట్టి గిరగిర త్రిప్పి విసరి, నోటితో కేకలు వేసి పిట్టలను తోలిన వారు మీలో చాలమంది యుందురు. నేనును జొన్నచేని మంచెమీద సెలవుదినములు గడపినవాడనే.

ఇక్కడనే నాకు మన పూర్వుల ధర్మబుద్ధి మిక్కిలి స్పష్టముగా కనబడినది. చేనిలో ఒడిసెల త్రిప్పిన రైతే, కోత ముగిసిన దినమున, మంచి వెన్నులను ఏరి, కుచ్చు కట్టి, తన యింటి చూరున వ్రేలగట్టెను. చేనిలో దొంగగా తోలిన పిట్టనే ఇంటివద్ద చుట్టముగా పిలిచెను. చిన్నప్పుడు ఈ వైరుధ్యము నాకు అర్థము కాక మా నాయనమ్మ నడిగితిని. ఆమె కుచ్చు అల్లుచునే, "చేన్ల పడి తింటె అది మన కష్టం బిడ్డా. ఇంటికొస్తె అది దాని పాలు. దాని పాలు దానికి పెట్టినంకనే మన పాలు మనకు దక్కుతది" అనెను. ఆమెకు అక్షరము రాదు. భూతయజ్ఞమునకు అంతకంటె మంచి వ్యాఖ్యానమును నేను ఏ గ్రంథమునను చదువలేదు.

కుచ్చు కట్టుట ఒక విద్య. గింజ గట్టిపడి, రాలుటకు సిద్ధము కాకమునుపే వెన్నులను మూరెడు కాడతో కొడవలితో కోయవలెను. రెండు దినములు నీడను ఆరబెట్టవలెను. అల్లుటకు ముందు కాడలపై నీరు చిలుకరించిన అవి విరుగక వంగును. పిడికెడు వెన్నులను నడుమ గట్టిగా ముడివైచి, ఆ ముడిచుట్టును ఒక్కొక్క వరుసగా మఱికొన్ని వెన్నులు చేర్చుచు, కాడలను జడవలె అల్లుకొనుచు పోవలెను. వెన్నులన్నియు వెలుపలికి వ్రేలుచుండవలెను. పూర్తియైన కుచ్చు తలక్రిందుగా కట్టిన పూలగుత్తివలె నుండును. ఇండ్లకే గాక గుడి మండపములకును వీటిని కట్టెడివారు. దానివలన శోభ యొకటి, పుణ్య మొకటి, పిట్టకు తిండి యొకటి.

ఈ యాచారము మనకే యున్నదని నేను చిరకాలము గర్వపడితిని. ఆ గర్వము తప్పని తరువాత తెలిసికొంటిని. ఐరోపా ఖండపు ఉత్తరభాగమున నార్వే యను దేశము కలదు. అచ్చటి రైతులు తమ క్రిస్మసు పండుగకు ఓట్లు అను ధాన్యపు వెన్నులతో కట్టను కట్టి, కొయ్య చివరను నిలిపి, పిట్టలకొఱకు ఇంటిముందు ఉంచుదురు. దానిని వారు యూలెనెక్ అందురు; పండుగకట్ట యని యర్థము. స్వీడను దేశమునను ఇట్టిదే కలదు. మన రైతు నార్వేను చూడలేదు. నార్వే రైతు సిద్దిపేటను వినలేదు. అయినను కోత ముగిసి గాదె నిండినప్పుడు ఇద్దరికిని ఒకే ఆలోచన కలిగెను. ధాన్యము పండించు మనుష్యుడు ఎక్కడ నున్నను పిట్టకు బాకీపడినవాడే యని వారిద్దరును తెలియకయే ఒప్పుకొనిరి.

కొవ్వు పెట్టుటకును చరిత్ర కలదు. ఇంగ్లండు దేశమున 1890–91 చలికాలము మిక్కిలి క్రూరముగా నుండెను. పిట్టలు చలికి చచ్చి రాలుచుండగా, వాటికి తిండి పెట్టుడని అచ్చటి వార్తాపత్రికలు ప్రజలను వేడినవి. 1910 నాటికి పిట్టలకు మేత పెట్టుట ఆ దేశీయుల జాతీయవినోదమని పంచ్ అను పత్రిక వ్రాసెను. జర్మనీ దేశమున బెర్లెప్ష్ అను జమీందారు ఇరువదవ శతాబ్దారంభమున తన తోటలో పిట్టల పోషణకై అనేక పరీక్షలు చేసెను. కరగిన కొవ్వులో గింజలు కలిపి, సూదియాకుల చెట్టు కొమ్మలపై వేడివేడిగా పోసి, అది అచ్చటనే గడ్డకట్టగా పిట్టలకు మేతచెట్టును సిద్ధపఱచుట ఆయన కల్పించిన పద్ధతి. నా కోడలు చేయు బిళ్ళకు అది పెద్దక్క వంటిది.

మన నిజాము రాజ్యమునందును పిట్టల లెక్క శాస్త్రీయముగా తీయబడినది. 1931లో సలీం అలీగారు హైదరాబాదు సంస్థానమున తిరిగి పక్షుల పరిశీలన జరిపిరి. ఆ ఫలితములు బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారి పత్రికలో ప్రకటింపబడినవి. బాల్యమున తాను కొట్టిన ఒక పిచ్చుక మెడమీది పసుపుమచ్చ ఏమిటో తెలిసికొనగోరుటయే ఆయనను ఈ విద్యకు త్రిప్పినది. అందుచేతనే 1985లో ప్రకటించిన స్వీయచరిత్రకు పిచ్చుక పేరు పెట్టుకొనిరి. ఒక పిచ్చుక చావు ఒక మనుష్యుని కన్ను తెఱపించినది.

నా కన్ను తెఱచుటకు అంతకంటె ఎక్కువ పిచ్చుకలు కావలసివచ్చెను. ఆ సంగతి ఇప్పుడు చెప్పెదను.

1994లో మా గూనయిల్లు పడగొట్టి సిమెంటు కప్పు వేయ నిశ్చయించితిని. వైశాఖమున ముహూర్తము పెట్టించితిని. పెంకులు దింపుటకు నిచ్చెన యెక్కిన మేస్త్రి దిగివచ్చి, "సారూ, దూలం సందుల పిచ్చుక గూండ్లున్నయి. పిల్లలు కుయ్‌కుయ్‌మంటున్నయి. ఓ పది దినాలు ఆగుదమా?" అని యడిగెను. ముహూర్తము దాటిపోవునని నేనంటిని. మేస్త్రి నా ముఖము చూచి, మాట్లాడక తిరిగి నిచ్చెన యెక్కెను. మా నాయన అరుగుమీద కూర్చుండి అంతయు వినెను. ఆయనయే నాకు అమరకోశము నేర్పినవాడు, భూతయజ్ఞము చెప్పినవాడు. ఆ మధ్యాహ్నము ఆయన భోజనమునకు లేవలేదు. కారణము నేనడుగలేదు, ఆయన చెప్పలేదు. సాయంకాలమువఱకు తల్లిపిట్టలు కప్పులేని గోడలచుట్టు తిరుగుచునే యుండెను.

కొత్త యింట నాయన నాలుగేండ్లు బ్రదికెను. కోతలప్పుడు రెండుసార్లు కుచ్చు అల్లి, కట్టుటకు తావు వెదకి, కిటికీ చువ్వకు కట్టెను. పిట్టలు రాలేదు. మూడవ యేట ఆయన అల్లలేదు. ఆ మఱుసటి దినమునను నేను బడికి పోయి పంచమహాయజ్ఞములు పాఠము చెప్పితిని.

పిచ్చుకలు తగ్గుటకు నా యొక్క యిల్లే కారణమని నేననను. పెంకుటిండ్లు పోయి సిమెంటు కప్పులు వచ్చినవి. గూడునకు సందు లేదు. పిచ్చుక గింజలు తినునదే యైనను తన పిల్లలకు మొదటి దినములలో పురుగులనే తెచ్చి పెట్టును. చేలలో పెరళ్ళలో పురుగుమందులు హెచ్చగా ఆ పసిదాని తిండి పోయినది. ఇక మూడవది విచిత్రమైనది. కాళేశ్వరపు నీటితో 2020లో రంగనాయకసాగరము, 2022లో మల్లన్నసాగరము ప్రారంభమై, మా ప్రాంతమున వరి మునుపెన్నడును లేనంతగా విస్తరించినది. కాని పిట్టకు వెన్ను కరువైనది! కోతయంత్రము చేనిలో దిగి నిలుచున్న పైరును తానే కోసి, తానే నూర్చి, గింజలను తొట్టిలో పోసికొని పోవుచున్నది. కాడతో కూడిన వెన్ను రైతు చేతికి రానేరాదు. పంట పెరిగినది; కుచ్చు పోయినది.

పిచ్చుకను కేవలము గింజదొంగగా చూచిన దేశమునకు ఏమైనదో చరిత్ర చెప్పుచున్నది. చీనాదేశమున 1958లో నాలుగు పీడల నిర్మూలనమని యుద్యమము సాగించిరి. ఎలుక, ఈగ, దోమలతోపాటు పిచ్చుకను చేర్చిరి. ప్రజలు పళ్ళెములు వాయించి, పిట్టలను వ్రాలనీయక, అలసి నేలరాలునట్లు చేసిరి. పిచ్చుకలు పోగా పురుగులు పెచ్చరిల్లెను. 1960లో పిచ్చుకను ఆ పట్టికనుండి తొలగించి నల్లిని చేర్చిరి. అప్పటికే ఆ దేశము ఘోరక్షామమున పడియుండెను. ఆ క్షామమునకు కారణము లనేకములు కలవు. వాటిలో పిచ్చుక చావును ఒకటిగా చరిత్రకారులు లెక్కింతురు.

అట్లని పిట్టలకు పెట్టునదంతయు ధర్మమని తలంపరాదు. చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రిక మీలో పెద్దలు చదివినదే. మిత్రలాభమున వేటకాడును గింజలు చల్లెను. కాని వాటిమీద వల పన్నెను. చిత్రగ్రీవుని పావురములు ఆ గింజలకాశపడియే వలలో చిక్కెను. వల లేని గింజయే దానము. దసరానాడు పాలపిట్ట దర్శనము శుభమని మనము నమ్ముదుము; అది మన తెలంగాణమునకు రాష్ట్రపక్షి. ఆ నమ్మికను ఆధారము చేసికొని కొందఱు దానిని పట్టి, పంజరమున పెట్టి, వాకిళ్ళలో చూపి డబ్బు గొనుట కలదు. పంజరములోని శుభమునకు రూక యిచ్చుట వేటకానికి గింజ లిచ్చుటయే.

అతిగా పెట్టుటయు కీడే. బొంబాయి నగరమున పావురములకు మేత చల్లు తావులను రోగభయముచేత 2025లో మూయించిరి. పావురపు రెట్టధూళి కొందఱి ఊపిరితిత్తులకు వ్యాధి కలిగించును. మంచిదనుకొని వేసినది విషమగుటకు రాబందుల కథ నిదర్శనము. పశువుల నొప్పికి వాడిన డైక్లోఫెనాక్ అను మందు, ఆ పశువు చచ్చిన పిదప దాని మాంసము తిన్న రాబందుల మూత్రపిండములను పాడుచేసెను. 2004లో ఈ కారణము బయటపడినది. 2006లో మన ప్రభుత్వము పశువులకు ఆ మందును నిషేధించినది. అప్పటికి దేశమున రాబందులు నూటికి తొంబదికి పైగా నశించియుండెను.

కాబట్టి భగవద్గీత పదునేడవ అధ్యాయమున దానమునకు చెప్పిన మూడు కొలతలు ఇచ్చటను పట్టవలెను. దేశము, కాలము, పాత్రము. మిన్నెసోటాలో మంచునడుమ కొవ్వుబిళ్ళ ధర్మము. దానినే మన యెండలో వ్రేలగట్టిన, మార్గశిరమునందును మధ్యాహ్నపు వేడికి మెత్తబడి, కంపెత్తి, పిట్ట యీకలకు అంటుకొని హాని చేయును. అందుచేత మన వారెవ్వరును ఆ బిళ్ళను అనుకరింపవలదు. మన దేశమునకు మన కుచ్చే తగినది. కాలమున, కోతల వేళ వెన్ను. వేసవిలో మట్టిమూకుడున నీరు. వేసవిలో పిట్టకు గింజకంటె నీరే ప్రాణము. పాత్రమన్నచో, పావురమువలె నగరమున లెక్కకు మించి పెరిగినదానికి కాదు. చోటు కోల్పోయిన చిన్నపిట్టకు.

మనుమనికి జవాబు చెప్పవలసియున్నది గదా! గడచిన కోతలకు నేను వెన్నులు వెదకుచు మా ప్రక్క పల్లెకు పోతిని. రెండు దినములు ఎక్కడ చూచినను యంత్రములే. మూడవదినమున ఒక రైతు తన మడి మూలలో కొడవలితో కోయుచుండగా చూచితిని. కారణ మడిగితిని. యంత్రము మడిలో దిగి తిరుగుటకు మూలలను ముందుగా చేతితో కోయవలెనట. ఆ మూలలోని వెన్నులు ఒక చంక నిండుగా నాకిచ్చి అతడు, "పిట్టలకా సారూ? పైసలెందుకు, తీస్కపో" అనెను.

ఆ మాట వినగానే మహాభారతమున అశ్వమేధపర్వములోని సక్తుప్రస్థుని కథ జ్ఞాపకము వచ్చినది. కోసిన చేలలో రాలిన గింజ లేరుకొని బ్రదుకు ఆ బ్రాహ్మణునిది కాపోతవృత్తి, అనగా పావురపు జీవనమని అచ్చట చెప్పబడినది. ఏరుకొని తిను మనుష్యునికిని పిట్టకును కోసిన చేను ఒకే విస్తరి. అతని యింట చిందిన పేలపిండిలో పొరలిన ముంగిస దేహము సగము బంగారమైనది. ధర్మరాజు అశ్వమేధమున మిగిలిన సగము బంగారము కాలేదు. యజ్ఞము పెద్దదగుట ముఖ్యము కాదు. మడి మూల చాలును.

నాయన అల్లిన తీరు గుర్తుచేసికొనుచు కుచ్చు అల్లితిని. మొదటిది విడిపోయినది. రెండవది వంకరగా నిలిచినది. వసారా ముందు రెండు కొయ్యలు దిగవేసి, పాత గూనపెంకులు సంపాదించి, మూరెడు చూరు కట్టించితిని. దాని క్రింద కుచ్చు వ్రేలగట్టి, ప్రక్కన ప్రక్కబెజ్జము గల మట్టికుండను గూటికై యుంచితిని. నెలదినములు ఉడుత తప్ప ఎవరును రాలేదు. పుష్యమున ఒక ఉదయము, నేను సంధ్య ముగించి లేచునప్పటికి, ఒక పోతుపిచ్చుక కుచ్చుమీద తలక్రిందుగా ఊగుచుండెను. కొంచెము సేపటికి పెంటి వచ్చి పెంకుమీద వ్రాలెను. నేను కదలలేదు. నాయన అరుగుమీద కూర్చున్న తీరున కూర్చుంటిని. ఋణము తీరినదని నేను చెప్పను. వడ్డీలో ఒక గింజ చెల్లినది.

మనుమనికి ఆ దృశ్యము చూపితిని. వాడు తన బిళ్ళను, నేను నా కుచ్చును చూపుకొంటిమి. "తాతా, నీది బాగుంది. తినేశాక బుట్ట కూడా కడగనక్కరలేదు" అనెను.

పెద్దలారా! మీలో చాలమందికి కుచ్చు అల్లుట తెలియును. మీ చేతులతోనే ఆ విద్య పోవునేమో యని నా భయము. ఈ యేట కోతలకు మీ మడి మూలల వెన్నులను గంపెడు పక్కకు తీయుడు. పురుగుమందు చల్లిన దినములలో కోసినవి వలదు. మందు పట్టించిన విత్తనపు గింజలు అసలే వలదు. మనుమలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని అల్లుడు. పిల్లికందని యెత్తున, వానకు తడియని తావున కట్టుడు. బూజు పట్టిన కుచ్చును వెంటనే దింపివేయుడు. ఇల్లు పడగొట్టవలసివచ్చినచో నిచ్చెన యెక్కిన మేస్త్రి చెప్పు మాట వినుడు. పది దినములలో పిట్టపిల్లలకు ఱెక్కలు వచ్చును. పది దినముల తరువాతను మంచి ముహూర్తములుండును.